పితరులు కట్టిన మందిరాలను కాపాడుకుందాము
(జంగారెడ్డిగూడెములోని సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవము అనగానే మన మనస్సు కొత్త కట్టడము మీదికి పోతుంది. మన జంగారెడ్డిగూడెము 2011లో నగర పంచాయతీ అయింది. పెంకుటిళ్లు పోయి స్లాబు మేడలు లేచాయి. ఈ ఊపులో “పాత మందిరము పడగొట్టి పెద్దది కడదాము” అనే మాట మన సంఘాలలోనూ వినబడుతున్నది. చోటు చాలక పిల్లలు వరండాలో కూర్చుంటున్నారు గనుక ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అయినా పలుగు ఎత్తకముందు ఆలోచించుదాము.

యొర్దాను దాటినప్పుడు యెహోషువ 12 రాళ్లు నిలబెట్టించాడు. పిల్లలు చూచి అడగాలని, పెద్దలు చెప్పాలని. రాయి తీసివేస్తే అడిగేవారుండరు.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్‌ను కరవు రోజులలో ఆకలిగొన్నవారికి పని, కూడు కల్పిస్తూ పోస్నెట్ దొరగారు కట్టించారు. దాని గోపురము కన్న ఆ కూలివారి చెమటే దానికి ఘనత. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌లో అజరయ్య అధ్యక్షులవారు గుడి, మసీదుల శిల్పరీతులను కలిపి, క్రీస్తు ఈ దేశానికి పరాయివాడు కాడని చాటారు. మన చిన్న మందిరాలకు అంత పేరు లేదు. కాని వాటి వెనుక ఉన్నదీ అటువంటి చెమటే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పాత మందిరపు గోడ రాలుతున్నదని చందాలు పోగుచేసి సిమెంటు పూత వేయించాము. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి, లోపలి ఇటుక పొడిపొడిగా రాలింది. సున్నపు గోడ నేలచెమ్మను పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసివేస్తుంది. చెమ్మ, ఉప్పు లోపలే నిలిచి ఇటుకను తినివేస్తాయి. మంచి మనస్సుతోనే చేశాము, కాని తెలియక చేశాము. పిడికిట బియ్యము దాచి చందా ఇచ్చిన తల్లులకు ఏమి జవాబు చెప్పగలము?

కనుక వానలకు ముందే పెంకులు సర్దించి, తూములలో ఆకులు తీయించాలి. గోడలో మొలిచిన రావిమొక్కను లేతగా ఉండగానే వేళ్లతో సహా తీయాలి. దూలాలకు చెద పట్టిందేమో చూడాలి. మరమ్మతు సున్నముతోనే చేయించాలి. కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపే పాత పని తెలిసిన మేస్త్రీ దొరికితే, మన కుర్రవాణ్ణి ఒకణ్ణి ఆయన దగ్గర పనిలో పెట్టాలి. చోటు చాలకపోతే పక్కన హాలు కట్టి, పాతదానిని ఆదివారపు బడికి వాడుదాము. వాడని ఇల్లే ముందు పాడవుతుంది. గోడ ప్రమాదముగా ఉంటే ఇంజనీరుకు చూపాలి. పడగొట్టక తప్పకపోతే కొలతలు, ఫోటోలు, శిలాఫలకము, బాప్తిస్మపు రిజిస్టరు భద్రపరచాలి.

“సంఘమంటే మనుష్యులే గాని గోడలు కావు గదా” అని కొందరంటారు. నిజమే. అయితే ఇటుకలు మోసిన మన తాతమ్మల పేర్లు ఏ పుస్తకములోనూ లేవు. వారు విడిచిన గురుతు ఆ గోడ ఒక్కటే. దానిని మన చేతులతో చెరిపివేయకుండా ప్రభువు మనకు వివేకము దయచేయును గాక. ఆమేన్.