పేరుతోపాటు అంకె
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు సాఫ్ట్‌వేరు పేరులో దాని వెర్షన్ అంకె ఉండాలా, వద్దా అన్నది నాకిచ్చిన విషయం. టైపు మిషను ముందు సగం సర్వీసు గడిపిన గుమాస్తాకు ఇదేం విషయమని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈ అంకెల సంగతి మనకు కొత్త కాదు. మనం వట్టి 'వేతన స్కేళ్ళు' అని ఊరుకుంటామా? 1993 స్కేళ్ళు, 1999 స్కేళ్ళు, 2005, 2010, 2015, 2022 అంటాం. పేరు ఒకటే. అంకె మారితే చేతికొచ్చే సొమ్ము మారుతుంది.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక తప్పు. 1999 స్కేళ్ళు వచ్చిన కొత్తలో మా ఆఫీసు అటెండరొకరు చనిపోయారు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షను కాగితాలు నేనే తయారుచేశాను. లెక్కల షీటులో 'సవరించిన స్కేళ్ళ ప్రకారం' అని రాసి, సంవత్సరం వేయడం మరిచాను. 'ఏ సంవత్సరపు స్కేళ్ళు?' అన్న ఒక్క ప్రశ్నతో ఫైలు తిరిగొచ్చింది. దాన్ని సరిచేసి పంపి, మంజూరయ్యేసరికి రెండు నెలలు. ఆమె వారం వారం బంగారుపాళ్యం నుంచి బస్సులో వచ్చేది. "ఏం సామీ, నా పేరు తప్పు పడిందా?" అని అడిగేది. "పేరు సరిగానే ఉందమ్మా, అంకె లేదు, ఆ తప్పు నాది" అని చెప్పడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

ఇక సాఫ్ట్‌వేరు సంగతి. మైక్రోసాఫ్ట్ వారు 1995లో విండోస్ 95 తెచ్చారు. తర్వాత 98, 2000 వచ్చాయి. 2001లో ఎక్స్‌పీ అని అక్షరాలు పెట్టారు, ఆపైన విస్టా అన్నారు, మళ్ళీ 7 అంటూ అంకెలకే వచ్చారు. తమాషా ఏమంటే విండోస్ 95 లోపలి అంకె 4.0, విండోస్ 7 లోపలి అంకె 6.1. మన 1999 స్కేళ్ళు 1998 జూలై 1 నుంచి అమలైనట్టే ఇదీను. పైన కనిపించే అంకె పిలుచుకోవడానికి, లోపలి అంకె లెక్కకు.

పేరులో అంకె వద్దనే వారి మాటలోనూ న్యాయం ఉంది. అంకె పెరిగిందని చెప్పి, బాగా పనిచేసేదాన్ని పారేయించి కొత్తది కొనిపించవచ్చు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసిన తెలుగు ఖతి పేరు పోతన 2000. ఆ అంకె చూసి పాతదనుకుంటే మనమే నష్టపోతాం. యూనికోడ్ పద్ధతిలో చేసినది గనుక అది నేటికీ తెలుగు చక్కగా చూపిస్తుంది.

అయినా అంకె మేలు అంకెదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు ఉచిత రక్షణ సవరణలు ఆగిపోయాయి. పేరులోనే పది ఉన్నందువల్ల, అది మన ఇంట్లో యంత్రమేనని నాబోటివాడికి కూడా తెలిసింది. ఫోనులో యాప్‌లు అలా కాదు. రాత్రికి రాత్రి అవే మారిపోతాయి, పేరు మాత్రం మారదు. మొన్న నా ఫోనులో ఒక యాప్ తెరుచుకోకపోతే మనవడు అడిగిన మొదటి మాట, "ఏ వెర్షన్ తాతా?" అని. నాకు పాత ఫైలు గుర్తొచ్చింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మనం కొని, ఏళ్ళ తరబడి ఉంచుకునే సాఫ్ట్‌వేరు పేరులో అంకె ఉండాలి. తనంతట తాను మారేదానికి పేరులో అక్కరలేదు, కానీ ముసలి కళ్ళకు ఆనేచోట పెద్ద అక్షరాల్లో ఉండాలి. పిల్లలు ఎవరైనా ఈ పనిలో ఉంటే దయచేసి గుర్తుంచుకోండి.

మిత్రులారా, పీపీఓ నంబరు రాసుకున్న పుస్తకంలోనే మీ ఫోను, కంప్యూటరు వెర్షన్లు కూడా రాసుకోండి. సాయం అడిగేటప్పుడు పేరుతోపాటు అంకె చెప్పండి. అంకె లేక ఒక తల్లి రెండు నెలలు బస్సు చార్జీలు పెట్టుకుంది. అది మరెవరికీ రాకూడదని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.