మేలుకొనని యంత్రము



నేడు పల్లెలలో గ్రంథాలయమునందును, పాఠశాలయందును, మన మనుమల గదులయందును కంప్యూటరు కానవచ్చుచున్నది. ఆ యంత్రమును నడపు వ్యవస్థలలో లినక్సు ఒకటి. దాని మూలమైన కెర్నెలును 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లోకమునకు వెల్లడించెను.

ఇట్టి వ్యవస్థను క్రొత్త సంచికకు మార్చిన పిదప, ఒక్కొక్కప్పుడు యంత్రము మేలుకొనక, నల్లని తెరపై తెల్లని యక్షరములు చూపి నిలిచిపోవుట కలదు. అపుడు ఇంటివారు "అంతయు పోయినది, తుడిచిపెట్టి మఱల స్థాపింపుడు" అందురు. ఈ మాటయే ప్రమాదకరము. సాధారణముగా చెడినది వాకిలి మాత్రమే. ఇంటిలోని సొత్తు పదిలముగ నుండును. తుడిచిపెట్టితిమా, గ్రంథాలయపు పట్టికలు, చెరువు లెక్కలు, పెండ్లినాటి ఛాయాచిత్రములు తిరిగి రావు.

పొలమునకు నీరు రాకున్న మనమేమి చేయుదుము? తూము మొదలు పిల్లకాలువ దాక నడచి గండి యెచ్చట పడెనో చూతుము గాని, చెరువును పూడ్చము. యంత్రము మేలుకొనుటయు నిట్టి వరుసయే. మొదట ఫర్మ్‌వేరు లేచి గ్రబ్ అను ద్వారపాలకుని పిలుచును. గ్రబ్ కెర్నెలును, దానితోడ ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అను చిన్న మూటను తెచ్చును. డిస్కును తెరచుటకు వలయు పనిముట్లు ఆ మూటలో నుండును. డిస్కు తెరవబడిన పిదప తక్కిన సేవలు నిలుచును.

తెరపై "గ్రబ్ రెస్క్యూ" అని యున్న గండి ద్వారపాలకుని యొద్ద. "కెర్నెల్ పానిక్" అని, రూట్ డిస్కు దొరకలేదనినచో, తఱచుగా మూట యొద్ద. "ఎమర్జెన్సీ మోడ్" అనినచో, ఎఫ్‌ఎస్‌టాబ్ అను పట్టికలో ఇపుడు లేని డిస్కు పేరు మిగిలియుండవచ్చును. కావున ముందుగా ఆ యక్షరములను ఉన్నవున్నట్లు కాగితముపై వ్రాసికొనవలెను.

ఉబుంటు వంటి వ్యవస్థలలో నొక సామాన్య కారణము కలదు. బూట్ అను భాగము వేఱుగ, చిన్నదిగ నున్నపుడు ప్రాత కెర్నెళ్లతో నిండిపోయి, క్రొత్త మూట పూర్తిగా వ్రాయబడదు. అపుడు యంత్రము వెలుగగనే ఎస్కేప్ మీటను, కొన్నిట షిఫ్టును, నొక్కి, "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరచి ప్రాత కెర్నెలు నెన్నుకొనవలెను. సాధారణముగా వ్యవస్థ క్రొత్తది వచ్చినదని ప్రాతదానిని వెంటనే పాఱవేయదు. అది లేచిన తోడనే ముఖ్యమైన దస్త్రములకు వేఱొక డిస్కుపై నకలు తీయవలెను. పిదప "డీఎఫ్" ఆజ్ఞతో ఖాళీ చూచి, "ఆప్ట్ ఆటోరిమూవ్"తో అక్కఱలేని కెర్నెళ్లను తొలగించి, క్రొత్త కెర్నెలు సంఖ్య చెప్పి "అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్"తో మూటను మఱల కట్టి, "అప్‌డేట్-గ్రబ్" నడపవలెను. నడచుచున్న ప్రాత కెర్నెలును మాత్రము తొలగింపరాదు.

ప్రాతదియు లేవకున్న, యూఎస్‌బీ నుండి లినక్సును తాత్కాలికముగ నడపి దస్త్రములను బయటకు తీయవచ్చును. సంచిక మార్చుటకు ముందే నకలు తీసియుంచిన వానికి ఈ దిగులే లేదు.

ఈ మీటలు నొక్కుట యువకుల పని. బడిలో పలక తుడుచుటకు ముందు తప్పెచ్చటనో చూపుట ఉపాధ్యాయుని ధర్మమైనట్లు, తొందరపడు చేతిని పట్టి "మొదట చదువుము, పిదప నకలు తీయుము" అనుట పెద్దల ధర్మము. ఆ మాట చెప్పుటకు కంప్యూటరు నేర్వనక్కఱలేదు.