దస్త్రమే మన సాక్షి

(రొంపిచెర్లలో సేవాసంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఫౌండేషన్ల నుండి గ్రాంటు పొందుటకు దరఖాస్తు చేసుకొను విధానమును గూర్చి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. ఈ ప్రశ్న నేడు ఇంత అవసరంగా ఎందుకు ముందుకు వచ్చిందో మొదట గ్రహించాలి. 1989లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన మౌలానా ఆజాద్ విద్యా ఫౌండేషన్ వెనుకబడిన మైనారిటీల విద్యాసంస్థలకు భవనాల కోసం, వసతిగృహాల కోసం గ్రాంటులిచ్చేది. దానిని మూసివేయవలసిందిగా 2024 ఫిబ్రవరిలో మంత్రిత్వశాఖ ఆదేశించింది. అంతకుముందే, 2022లో, ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే ప్రీమెట్రిక్ ఉపకారవేతనాలు నిలిచిపోయాయి. వీటి పునరుద్ధరణకై మనం గొంతెత్తుతూనే ఉండాలి. అందులో సందేహం లేదు. కాని ఆ న్యాయం జరిగేదాకా ఈ యేడు పదో తరగతిలో ఉన్న బిడ్డ చదువు ఆగి ఉండదు.

మరొక ద్వారం తెరచి ఉంది. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు లాభంలో రెండు శాతం సామాజిక సేవకు వెచ్చించాలి. దాతల ఫౌండేషన్లు వేరుగా ఉన్నాయి. ఆ ధనం మన పల్లెల దాకా రాకపోవడానికి వివక్ష ఒక్కటే కారణమనుకుంటే సగం నిజమే చెప్పినవారమవుతాము. మనలను ఎరుగని దాత మన ముఖం చూడడు, మన దస్త్రాన్ని చూస్తాడు. గుమాస్తాగా ఉద్యోగ జీవితమంతా దస్త్రాల నడుమనే గడిపిన వాడిని కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

మొట్టమొదట సంఘం నియమావళిని తెరచి చూడండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం నమోదవుతుంది. అయితే అందులో ఆశయాలు వ్రాసే చోట చాలామంది 'ముస్లింల అభివృద్ధికై' అని వ్రాసి ఊరుకుంటారు. సదుద్దేశమే, కాని చిక్కు అక్కడే ఉంది. ఒకే మతస్థుల ప్రయోజనానికని ప్రకటించుకున్న సంఘానికి, 80జీ అని మనం పిలుచుకునే ఆదాయపు పన్ను మినహాయింపు దొరకదు. వెనుకబడిన తరగతులు, స్త్రీలు, బాలల నిమిత్తమని వ్రాసిన సంఘానికి ఆ అడ్డంకి లేదని అదే చట్టం చెబుతున్నది. మన దూదేకులవారు బీసీ-బీలోను, పేద ముస్లిం వర్గాలు అనేకం బీసీ-ఈలోను ఉన్నవి. కనుక పేద బాలికల విద్య అని వ్రాసి, వాడలో ఏ మతపు పేదబిడ్డ వచ్చినా చేర్చుకోండి. దీనివలన మన బిడ్డకు నష్టం లేదు. మన వాడకు గౌరవం పెరుగుతుంది.

అదే కారణం చేత మసీదు కమిటీ లెక్కలను, విద్యాసంఘం లెక్కలను ఒకే పుస్తకంలో వ్రాయరాదు. జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. ఆ సొమ్ముకు వేరు ఖాతా, గ్రాంటుకు వేరు ఖాతా ఉండాలి.

ఇక కాగితాలు. రిజిస్ట్రేషన్ పత్రం, సంఘం పేరిట పాన్ కార్డు, 12ఏ, 80జీ నమోదులు, నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్ సంఖ్య, మూడేళ్ల ఆడిట్ నివేదికలు. కంపెనీల నిధులు కోరేవారు సీఎస్ఆర్-1 నమోదు కూడా చేయించుకోవాలి. దానికి సాధారణంగా మూడేళ్ల సేవానుభవం చూపవలసి ఉంటుంది. అందుచేత గ్రాంటు కావలసిన యేడు కాదు, మూడేళ్ల ముందే పని మొదలుపెట్టాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. తీర్మానాల పుస్తకంలో తేదీ, సంతకాలు లేని తీర్మానం తీర్మానమే కాదు.

దరఖాస్తులో ఏమి వ్రాయాలి? 'మా ప్రాంతం మిక్కిలి వెనుకబడినది, దయతో సహాయం చేయగలరు' అన్న వాక్యం ఎవరినీ కదిలించదు. ఉదాహరణకు ఒక సాయంకాల పాఠశాల అనుకుందాం. పదో తరగతి బాలికలు ముప్పై మంది, పది నెలలు, గణితం, ఆంగ్లం. ఇద్దరు ఉపాధ్యాయులకు నెలకు ఆరు వేల చొప్పున 1,20,000 రూపాయలు, పుస్తకాలకు 15,000, అద్దె, విద్యుత్తుకు 20,000, ఆడిట్, స్టేషనరీకి 10,000. మొత్తం 1,65,000. అంటే బాలికకు 5,500 రూపాయలు. ఆ పక్కనే, గత యేడు ఆ బడిలో ఎందరు పరీక్ష వ్రాశారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు, ఈ పాఠశాల వలన ఎందరు పెరుగుతారని ఆశిస్తున్నామో వ్రాయండి. ప్రతి అంకె వెనుక ఒక కాగితం ఉండాలి. మిరప కోతల రోజుల్లో హాజరు తగ్గుతుందనుకుంటే అది కూడా దాచక వ్రాసి, దానికి మీ ఉపాయమేమిటో తెలపండి. ఇబ్బందిని ముందే చెప్పినవారిని దాత నమ్ముతాడు.

గల్ఫులోని మనవారు పంపే సొమ్మును గూర్చి ఒక హెచ్చరిక. భారత పౌరునిగానే ఉండి, తన సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. పరాయి దేశపు పౌరసత్వం పొందినవారు, బంధువులే అయినా, సంఘానికి పంపితే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేనిదే ఒక్క రూపాయి ముట్టరాదు.

చివరగా, దాతలు 'మీ వంతు ఎంత?' అని అడుగుతారు. ఒక ఊరి దాతల సొమ్మును ఒక నిధిగా కూర్చి, స్థానిక సంఘాలకు పంచే కమ్యూనిటీ ఫౌండేషన్ పద్ధతి 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో మొదలైంది. బైతుల్ మాల్ ఎరిగిన మనకు ఇది కొత్త భావన కాదు. ఇంటికి నెలకు యాభై రూపాయలు, రసీదుతో వసూలు చేయండి. వంద ఇళ్లు కలిస్తే ఏడాదికి అరవై వేలు. ఆ రసీదు పుస్తకమే మీ దరఖాస్తుకు ఉత్తమమైన అనుబంధం.

గ్రాంటు భిక్ష కాదు, అమానత్. తీసుకున్ననాడు సంతకం చేసినట్లే, లెక్క అప్పగించిననాడు కూడా తలయెత్తి సంతకం చేయగలగాలి. నేడు ఇంటికి వెళ్లగానే మీ సంఘం తీర్మానాల పుస్తకం ఎవరి ఇంట ఉన్నదో విచారించండి. పని అక్కడినుండే ఆరంభం కావాలి.

సెలవు. ఖుదా హాఫిజ్.