పురుటి తోడుకు కూలి ఎంత?



ఇంటర్ పూర్తయిన అమ్మాయి ఒకతె మమ్మల్ని అడిగింది: "మేడమ్, డౌలా అంటే ఏంటి? ఆ పని చేసి బతకొచ్చా?" ఫోన్‌లో చూసిందట. మేము నవ్వేశాం. మన ఊళ్ళలో ఆ పని ముసలమ్మలు ఎప్పటినుంచో చేస్తున్నదే కదా! నొప్పులు పడే కోడలి నడుం రాస్తూ, గంజి తాగిస్తూ తెల్లవార్లూ కూర్చునేవారు. ముట్టేది కుంచెడు బియ్యం, ఒక కోక. మా అమ్మ పక్కన అలా కూర్చున్నామె చివరికి రేషన్ బియ్యం మీదే బతికింది. అది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఒకటి తెలుసుకోండి. డౌలా పురుడు పోయదు, మందివ్వదు, తోడుంటుంది. పురుడు పోయాలంటే నర్సింగ్ చదవాలి, ఆపైన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. ప్రభుత్వాసుపత్రి కాన్పుగదిలోకి ఒక తోడును రానివ్వమని 2016లో కేంద్రం చెప్పింది గానీ, ఆ తోడు ఇంటి ఆడమనిషే. డబ్బిచ్చి డౌలాను పిలిచేది ఎక్కువగా హైదరాబాద్ లాంటి నగరాల్లోనే.

నొప్పులు వేళ చూసి రావు. అందుకే నెలకు ఇద్దరు ముగ్గురిని మించి ఒప్పుకోవద్దు. మీకు జ్వరమొస్తే వెళ్ళే జతమనిషి ఉండాలి. రేటు ముందే కాగితం మీద రాసుకోండి, సగం అడ్వాన్సు తీసుకోండి. మొహమాటపడితే మళ్ళీ కుంచెడు బియ్యమే! మొదట్లో చేతిలో ఉన్న వేరే పని వదలొద్దు.

ఆ అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. సెలవుల్లో ఊరి ముసలమ్మ దగ్గర నడుం రాయడం నేర్చుకుంటోంది. పోయినసారి రెండొందలు ఇవ్వబోతే, ఆవిడ పుచ్చుకోలేదట.