నమ్దా — ఉన్నిపై సూది పనితనము
(సమితి సభలో గావించిన ప్రసంగ పాఠము)



గొంగడి తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. దక్కను గొఱ్ఱెల ఉన్నిని వడికి, మగ్గముపై నేసి, చింతగింజల గంజి పెట్టి కురుమలు దానిని సిద్ధపఱతురు. కాశ్మీరమున నూలు వడకకయే, మగ్గము నెక్కింపకయే ఉన్నితో నేలపై పఱచుకొను తివాచీలను చేయుదురు. వానికి నమ్దా యని పేరు. సామాన్యుల యిండ్లలోని యీ వస్తువునందు దాగియున్న పనితనమును గూర్చి ముచ్చటించుటయే నేటి ప్రసంగోద్దేశము.

ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూచినచో దానిపై చేపకువలె పొలుసులు కానవచ్చును. ఏకిన ఉన్నిని చాపపై పొరలు పొరలుగా పఱచి, సబ్బునీరు చిలుకరించి, చాపతో కూడ చుట్టి, పలుమాఱు దొర్లించుచు ఒత్తుదురు. ఆ తడికిని ఒత్తిడికిని పోగులొకదానినొకటి పెనవేసికొని దట్టముగా బిగియును. యంత్రశాలలలో ఈ పనినే నీటి యవసరము లేకుండ ముళ్లుగల సూదులు చేయును. అవి పైకి క్రిందికి కదలుచు పోగులను లోనికి గ్రుచ్చి చిక్కుపఱచును. ప్రత్తికి అట్టి పొలుసులు లేవు. కావుననే నమ్దాలో ఉన్నిపాలు హెచ్చినకొలది గట్టితనమును, వెలయు హెచ్చును.

ఇక అలంకరణము. దీనికి వాడు ఆరీ కొనయందు కొక్కెముగల సూది. చెప్పులు కుట్టువారి ఆరెకు ఇది దగ్గఱి చుట్టము. ఒక చేయి అడుగున ఉన్నిదారమును పట్టియుండగా, పైచేతిలోని ఆరీ క్రిందికి దిగి దారమును ఉచ్చుగా పైకి లాగును. ఆ ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చు వెలువడును. ఇదియే గొలుసుకుట్టు. నేడు పలువురు వేడుకగా నేర్చు పంచ్ సూది పనిలో దారమును లోనికి పొడిచి ఉచ్చులను మిగుల్తురు. అచట ఉచ్చును పట్టియుంచునది వస్త్రపు బిగువు. ఇచట ఉచ్చును ఉచ్చే పట్టియుంచును.

చినారు ఆకును కుట్టునపుడు పనివాడు అంచు వంపు ననుసరించియే వరుసలను లోనికి నడుపును. వరుస దిక్కు మాఱినచోట వెలుగు వేఱుగా పడును. రంగు ఒక్కటియే యైనను రెండుగా తోచును. దారము మిక్కిలి బిగించినచో నమ్దా ముడుతలు పడును; వదులు చేసినచో కాలివ్రేలికి తగులుకొనును. మఱియు నేలనంతయు కుట్టుతో నింపక, కొంత ఉన్నిని వట్టిదిగా విడుచుటయు రూపకల్పనలో భాగమే. నునుపైన ఆ ఖాళీ ప్రక్కననే కుట్టు ఉబ్బెత్తుగా కనిపించును, చేతికి తగులును.

ఇంతటి కళకు ఆపద వాటిల్లినది. 1998-2008 సంవత్సరముల నడుమ నమ్దా ఎగుమతులు దాదాపు అంతరించినవి. ముడి ఉన్ని దొరకకపోవుట, నేర్పరులు తగ్గుట, అమ్మకపు దారులు లేకపోవుట ఇందులకు కారణములు. 2021లో కేంద్రప్రభుత్వము నైపుణ్యశిక్షణ పథకము క్రింద కాశ్మీరమున ఆఱు జిల్లాలలో దీని పునరుద్ధరణకు పూనుకొనినది. శిక్షణ మూలమున చేతులు సిద్ధమగును. కాని కొనువారు లేనిదే ఆ చేతులు నిలువవు. ఉన్ని తక్కువగు జాతుల గొఱ్ఱెలు పెరుగగా దక్కను గొఱ్ఱె తగ్గి, మన గొంగడియు ఇట్టి కష్టమునకే లోనైనది.

ఉద్యోగరీత్యా పలు రాష్ట్రములు తిరుగు మన కుటుంబములకు చేతిపనుల అంగళ్లు కొత్త కావు. నమ్దాను కొనునపుడు బేరమునకు ముందు ఉన్ని ఎంత, ప్రత్తి ఎంత యని అడుగుడు. కుట్టుపై చేయి వేసి చూడుడు. వరుసలు ఏ దిక్కునకు నడచినవో గమనింపుడు. పనితనమును గుర్తించి వెల చెల్లించు గృహిణి యొకతె, పనివాని కుమారుడు ఆరీని విడువకుండుటకు ఒక కారణమగును.