మైత్రీవనం నుంచి ప్లే స్టోర్ దాకా

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే కోచింగ్ కరపత్రాలు చేతిలో పడతాయి. వాటిలో మొదట జావా, తర్వాత ఆండ్రాయిడ్. 2019లో గూగుల్ ఆండ్రాయిడ్ యాప్‌లకు కోట్లిన్ భాషకు పెద్దపీట వేసింది, పాఠాలూ మారాయి.

నేర్చుకోవడం సరే, డబ్బులో? ప్లే స్టోర్‌లో యాప్ పెట్టే ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు. యాపిల్‌కైతే ఏటా 99. యాప్‌లో డిజిటల్ సరుకు అమ్మితే గూగుల్ నూటికి 30 తీసుకునేది. 2021 జూలై నుంచి ఏడాదిలో తొలి 10 లక్షల డాలర్ల వరకు 15కి దిగింది. ప్రకటనల మీద బతకాలంటే చూసేవాళ్లు వేలల్లో ఉండాలి. నన్నడిగితే, పక్కవీధి దుకాణానికి యాప్ చేసిపెట్టి రుసుము తీసుకోవడమే నయం.

ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత ఖాతాకు మరో మెలిక: విడుదలకు ముందు 12 మంది 14 రోజులపాటు యాప్‌ని పరీక్షించాలి. హాస్టల్ మిత్రులు ఉన్నది అందుకే కదా!