నెల వెచ్చాలు – ఇంటి లెక్క

(చదువరుల సమావేశంలో ఇచ్చిన ఉపన్యాసం)



ఈ రోజు మాట్లాడుకునేది నెల వెచ్చాల గురించి. బియ్యం, పప్పు, నూనె, చింతపండు. ఇందులో చెప్పేదేముంది, రోజూ చేసే పనేగా అనుకోవచ్చు. నిజమే. కాని ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి చాలా ఇళ్ళలో పప్పు డబ్బా ఖాళీ. నూనె సీసా ఖాళీ. చేతిలో డబ్బూ ఖాళీ. అప్పుడేం చేస్తారు? కొట్టుకు వెళ్ళి "ఖాతాలో రాసుకో" అంటారు.

ఇంకొకటి కూడా జరుగుతుంది. అది ఎవరికీ కనపడదు. పిల్లలకు పెట్టి, మగవాళ్ళకు పెట్టి, మిగిలింది ఇల్లాలు తింటుంది. పప్పు తగ్గితే ముందు ఆమె కంచంలోనే తగ్గుతుంది. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువగా ఉందని అందులో తేలింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. సరైన తిండి లేకపోవడం వాటిలో పెద్దది.

కాబట్టి లెక్క వేయడమంటే కడుపు మాడ్చుకోవడం కాదు. నెలాఖరు రోజున కూడా ఇంటిల్లిపాదీ కడుపునిండా తినడానికే లెక్క.

ముందు రాసి చూడండి

మొదటి నెల ఏమీ తగ్గించవద్దు. రాయండి, అంతే. ఒక నోటు పుస్తకం చాలు. తారీఖు, సరుకు, తూకం, ధర. నాలుగు గీతలు గీసి నాలుగు మాటలు రాయాలి. అయిదు రూపాయల అగ్గిపెట్టెలు కొన్నా రాయాలి. టీ బంకులో ఇచ్చింది కూడా రాయాలి. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే చెబుతుంది, డబ్బు ఎటు పోయిందో.

చీటీ ఇలా వేయాలి

ఒక ఇల్లు అనుకుందాం. మొగుడు తాపీ పని, భార్య పొలం కూలి, బడికి వెళ్ళే పిల్లలు ఇద్దరు. వాళ్ళ చీటీ ఇలా ఉందనుకోండి.

కందిపప్పు 3 కిలోలు, మినప్పప్పు 1 కిలో – 490 రూపాయలు
మంచినూనె 3 ప్యాకెట్లు – 450
చింతపండు, కారం, ఉప్పు, పోపు దినుసులు – 325
పంచదార, టీ పొడి – 190
ఉల్లిపాయలు – 120
సబ్బులు – 150
రేషన్ చాలక కొనే బియ్యం 15 కిలోలు – 600
కూరగాయలు, ఆకుకూరలు, గుడ్లు, పాలు, వారానికి 300 చొప్పున నాలుగు వారాలకు – 1,200

మొత్తం 3,525 రూపాయలు. నెలకు నాలుగు వారాల పైన రెండు మూడు రోజులు ఉంటాయి. చుట్టాలూ వస్తారు. అందుకు 175 పక్కన పెడితే 3,700 అవుతుంది. ధరలు ఊరికో రకం, నెలకో రకం. మీ చీటీలో మీ ఊరి ధరలు వేసుకోండి.

"మాకు నెల జీతం లేదే, రోజు కూలీ కదా" అని అడుగుతారు. మంచి ప్రశ్న. నెలలో 20 రోజులు పని దొరుకుతుందనుకోండి. 3,700ను 20తో భాగిస్తే 185. పనికి వెళ్ళిన ప్రతిరోజూ 185 రూపాయలు ముందు డబ్బాలో వేయాలి. మిగిలినదే పై ఖర్చులకు. పని లేని రోజు తినే అన్నం కూడా పని ఉన్న రోజు కూలిలోనే ఉంది. సరుకులన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. ఒక వారం పప్పులు, నూనె. ఇంకో వారం బియ్యం. ఇంకో వారం మిగతావి.

రేషన్ బియ్యం అమ్ముకోవద్దు

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. 2023 జనవరి నుంచి ఆ బియ్యాన్ని ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు.

దొడ్డు బియ్యం వచ్చే చోట కొందరు వాటిని అమ్మేసి సన్నబియ్యం కొంటారు. లెక్క చూడండి. 20 కిలోలు కిలో 10 రూపాయలకు అమ్మితే వచ్చేది 200. అదే 20 కిలోలు కిలో 45కు కొంటే పోయేది 900. నెలకు 700 రూపాయలు నష్టం. పైగా రేషన్ బియ్యం అమ్మడం నేరం. అన్నానికి నచ్చకపోతే ఇడ్లీకి, దోసెకు, రొట్టెల పిండికి వాడుకోవచ్చు. సగం సగం కలిపి వండుకోవచ్చు.

ప్యాకెట్టు మీద చదవండి

అక్షరం వచ్చింది కదా, ఇక్కడ వాడండి. ప్యాకెట్టు మీద తూకం, గరిష్ఠ ధర, తయారైన తేదీ ఉంటాయి. గరిష్ఠ ధర కన్నా ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వక్కర్లేదు. ఎక్కువ అడిగితే 1915కు ఫోను చేసి చెప్పవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు.

10 రూపాయల ప్యాకెట్టులో 20 గ్రాముల టీ పొడి ఉందనుకోండి. అంటే కిలో 500 పడింది. పావుకిలో ప్యాకెట్టు 100 అయితే కిలో 400 పడింది. రోజూ చిన్న ప్యాకెట్టు కొనే ఇల్లే ఎక్కువ డబ్బు ఇస్తోంది! అయితే అన్నిసార్లూ పెద్దదే చవక అనుకోవద్దు. భాగించి చూడండి.

నూనె ప్యాకెట్టు కూడా చూడండి. లీటరు మంచినూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి అలాగే ఉండి, 850 గ్రాములే ఉన్న ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. తూకం కూడా చూడాలి.

ఖాతా

అప్పు నిప్పులాంటిదని పెద్దలు అన్నారు. కొట్టు అతను మన శత్రువు కాదు. అతనూ సరుకు డబ్బిచ్చి తెచ్చుకున్నవాడే. కాని బాకీ ఉన్న మనిషి ధర అడగలేడు. తూకం చూడలేడు. పక్క కొట్టుకు పోలేడు. అప్పుకు అసలు ధర అదే.

పాత బాకీ ఉన్నవాళ్ళు ఏం చేయాలి? 2,000 బాకీ ఉందనుకోండి. నెలకు 400 చొప్పున ఇస్తే అయిదు నెలల్లో తీరుతుంది. ఆ అయిదు నెలలూ కొత్త సరుకు మాత్రం డబ్బిచ్చే తేవాలి. కట్టిన ప్రతిసారీ ఖాతా పుస్తకంలో తారీఖు వేయించి, కూడిక మీరే చేసి చూసుకోండి. ఇంట్లో మీ పుస్తకంలోనూ రాయండి. రెండు పుస్తకాల్లో ఒకే అంకె ఉండాలి.

ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు

డబ్బు చాలనప్పుడు పప్పు, గుడ్డు, ఆకుకూర, పిల్లల పాలు ముట్టుకోవద్దు. తగ్గించడానికి వేరేవి ఉన్నాయి. ఇద్దరు పిల్లలు రోజూ చెరొక 5 రూపాయల చిప్స్ ప్యాకెట్టు కొంటే నెలకు 300 రూపాయలు. గుడ్డు 7 రూపాయలనుకుంటే ఆ డబ్బుకు నలభై గుడ్ల పైమాటే. గుట్కా, సిగరెట్టు, మందు లెక్క మీరే వేయండి. ఇక్కడ చెప్పక్కర్లేదు.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురికి నెలకు 600 గ్రాములు చాలు. నూనె కూడా సీసాతో వంచకుండా గరిటెతో కొలిచి వేయండి. డబ్బూ మిగులుతుంది, ఒళ్ళూ బాగుంటుంది.

ఇద్దరూ కూర్చోవాలి

ఆడవాళ్ళు ఒక్కరే లెక్క వేస్తే అది నిలవదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చదువుకున్నారు. చదివిన పాఠం గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బు సారా కొట్టుకు పోతుంటే ఇంట్లో అన్నం ఎలా ఉడుకుతుందని అడిగారు. ఊళ్ళు కదిలాయి. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. వాళ్ళు ముందు వేసింది ఇంటి లెక్కే.

కనుక చీటీ వేసేటప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ కూర్చోండి. పెద్ద పిల్లలను కూడా కూర్చోబెట్టండి. కూడిక వాళ్ళచేత చేయించండి. ఎంత వస్తుందో, ఎంత పోతుందో తెలిసిన పిల్లవాడు కొట్టు ముందు ఏడవడు. అన్నం తినేటప్పుడు కూడా అందరూ కలిసి కూర్చోండి. అప్పుడు ఎవరి కంచంలో ఏముందో అందరికీ కనపడుతుంది.

ఈ నెల ఒకటో తారీఖున పుస్తకం తెరవండి. తప్పులు పోతే పోనివ్వండి. కొట్టివేసి మళ్ళీ రాయండి. సెలవు.

చర్చించండి

1. మీ ఇంట్లో సరుకులు ఏ తారీఖుకు అయిపోతాయి? ఎందుకు?
2. నెలలో 15 రోజులే పని దొరికితే, 3,600 రూపాయల వెచ్చాలకు రోజుకు ఎంత తీయాలి?
3. మీ ఇంట్లో ఆఖరున ఎవరు తింటారు? వాళ్ళకు ఏం మిగులుతుంది?
4. మీ ఇంట్లో ఉన్న నూనె ప్యాకెట్టు తెచ్చి, దాని మీద ఉన్న తూకం, ధర చదవండి.